మళ్ళీ వస్తుందా?

పోయిన నెలలో తెనాలి నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. వారి మామగారికి పెద్దపేగులో కాన్సరు పుండు వుంటే ఆపరేషను చేసి తీసేశారట. ఆయన కోలుకుని యింటికి వచ్చారు. మజ్జిగన్నం తింటున్నారు, పేపరు చదువుకుంటున్నారు. "కాని మా యింట్లో ఎవరికీ నిద్ర లేదండీ. మళ్ళీ వస్తుందా అని డాక్టరు గారిని అడిగితే, చెప్పలేమమ్మా, చూద్దాం అన్నారు. అంత చదువుకున్నవాళ్ళు ఆ ఒక్క ముక్కా చెప్పలేరా? లేక తెలిసీ దాస్తున్నారా?" అని ఆవిడ అడిగారు.

ఈ శీర్షికలో నేను ఊరగాయల దగ్గర్నుంచి పిల్లల చదువుల దాకా రాస్తూ వుంటాను గాని వైద్యం జోలికి పోను. నేను డాక్టర్ని కాను. అయితే ఆ ప్రశ్న మా పుట్టింట్లో కూడా చాలాకాలంగా తిష్ఠ వేసుకుని కూచుంది. మా అన్నయ్యకు 2022 జనవరిలో ఇదే ఆపరేషను అయింది. అతని సంగతి రాయనా అని అడిగితే, "రాయి. పేరు వొద్దు. లెక్కలు మాత్రం తప్పు రాయకు" అన్నాడు. లెక్కల మాస్టారుగా ముప్పై నాలుగేళ్ళు చేసి రిటైరయిన మనిషి మరి! ఈ వ్యాసంలో వున్న అంకెలన్నీ ఆయన దిద్ది యిచ్చినవే.

జబ్బు బయటపడ్డ విధం పెద్ద కథ కాదు. మనిషి పాలిపోయాడు. రాజమండ్రిలో యింటి మెట్లు ఎక్కితే ఆయాసపడేవాడు. రక్తం తక్కువగా వుందని ఆరు నెలలు ఇనుము మాత్రలు మింగాడు. ఆ రక్తం ఎక్కడికి పోతున్నదని ఎవరూ అడగలేదు. చివరికి ఒక డాక్టరు అడిగాడు. గొట్టం వేసి చూస్తే పెద్దపేగు కుడివైపున పుండు. వయసు మళ్ళిన మగవాడికి కారణం లేకుండా రక్తం తగ్గితే పేగు చూడాలని నాకు అప్పుడు తెలిసింది. మీకు ఇప్పుడే తెలిస్తే సంతోషం.

విశాఖపట్నంలో ఆపరేషను అయింది. సర్జను గారు బయటికి వచ్చి "అంతా తీసేశామమ్మా" అన్నారు. వదిన ఆయనకు రెండు చేతులా దణ్ణం పెట్టి, వెంటనే అడిగింది: "మళ్ళీ రాదు కదండీ?" ఆయన "రిపోర్టు రానివ్వండి" అని వెళ్ళిపోయారు. ఆ మాట మాకు తప్పించుకుపోయే మాటలా వినిపించింది. తర్వాత తెలిసింది, ఆయన చెప్పగలిగిన నిజం అంతేనని. "అంతా తీసేశాం" అంటే కంటికి కనిపించిందీ, చేతికి తగిలిందీ, స్కానులో అగుపించిందీ తీసేశామని. ఆపరేషనుకు ముందే కొన్ని కణాలు రక్తంలోనో లింఫులోనో పడి కాలేయంలో, ఊపిరితిత్తుల్లో ఎక్కడో చేరి వుంటే, అవి ఏ స్కానుకూ ఆనవు. తిరగబెట్టటమంటే సాధారణంగా కొత్త జబ్బు రావటం కాదు. ఆనాడే మిగిలిపోయినది పెరిగి బయటపడటం.

మేం రిపోర్టు కోసం ఎదురు చూస్తున్న వారం రోజుల్లో వదిన వూరికే కూచోలేదు. అన్నయ్య జాతకం సిద్ధాంతి గారికి పంపించింది. శని మారితే ఫరవాలేదని ఆయన కబురు చేశారు. నేను ఆవిణ్ణి ఎగతాళి చేయను. ఆ వారంలో ఎవరేం చెప్పినా వినేదాన్నే నేను కూడా. కాని డాక్టర్లు చూసే జాతకం వేరే వుంది. దాన్ని పాథాలజీ రిపోర్టు అంటారు. దాని చరిత్ర కొంచెం చెప్పుకోదగ్గది.

లండనులో సెయింట్ మార్క్స్ ఆస్పత్రి అని వుంది. అక్కడ కుత్‌బర్ట్ డ్యూక్స్ అనే పాథాలజిస్టు, ఆపరేషనులో కోసి తీసిన పేగు ముక్కల్ని శ్రద్ధగా పరీక్షించి, ఆ మనుషులు తర్వాత ఏమయ్యారో కనుక్కుంటూ వచ్చాడు. 1932లో పురీషనాళపు కాన్సర్లను మూడు తరగతులుగా విడదీశాడు. పుండు పేగు గోడ లోపలే వుంటే 'ఎ'. గోడను దాటి బయటి కొవ్వులోకి వస్తే 'బి'. దగ్గరి లింఫు గ్రంథుల్లోకి చేరితే 'సి'. ఎ వారిలో తిరగబెట్టటం తక్కువ, సి వారిలో ఎక్కువ. ఇప్పుడు అక్షరాలకు బదులు దశలని అంకెలు వేస్తున్నారు, తరగతులు యింకా సన్నగా చీల్చారు. అయినా తొంభై ఏళ్ళు దాటాక కూడా డాక్టరు గారు మొదట అడిగేవి ఆ రెండు ప్రశ్నలే: గోడ ఎంత దాటింది? గ్రంథుల్లో వుందా?

లింఫు గ్రంథులంటే భయపడనక్కర్లేదు. కాలికి సెగగడ్డ లేస్తే గజ్జల్లో బిళ్ళ కడుతుందే, ఆ బిళ్ళలే. పేగు పక్కన కొవ్వులో కూడా వుంటాయి. ఆరోగ్యంగా వుంటే పెసరగింజంతవీ, ఇంకా చిన్నవీ. పేగుతోపాటు ఆ కొవ్వునంతా కోసి తీస్తారు. లాబరేటరీలో ఒకరు కూచుని దాన్ని చేత్తో నలిపి, గింజ గింజా ఏరి, ఒక్కొక్కదాన్ని పలచగా కోసి సూక్ష్మదర్శిని కింద చూస్తారు. ఓపిక కావలసిన పని.

మా రిపోర్టు వచ్చింది. పుండు గోడ దాటి కొవ్వులోకి వచ్చింది. పరీక్షించిన గ్రంథులు 8. కాన్సరు వున్నవి 0. అంటే రెండో దశ. సున్నా అన్న అంకెను చూసి మేం పొందిన ఆనందం చెప్పలేను. వదిన ఆ సాయంత్రం పరవాన్నం వండింది. పక్కింటివాళ్ళకు కూడా పంపించాం.

మరో నాలుగు రోజులకు కాన్సరు మందుల డాక్టరు గారి దగ్గరికి వెళ్ళాం. ఆవిడ రిపోర్టు చదివి, "ఎనిమిదేనా?" అన్నది. ఆ మాటకు మాకు అర్థం తెలియలేదు. కనీసం 12 గ్రంథులయినా చూస్తేనే 'లేదు' అన్న మాటకు బలం వుంటుందట. అది అంతర్జాతీయంగా అందరూ పెట్టుకున్న నియమం. తీసిన పేగు ఫార్మలిన్‌లో భద్రంగా వుంటుంది గనుక మళ్ళీ వెతికించవచ్చునని ఆవిడే చీటీ రాసి పంపింది. ఆ లాబరేటరీ పేరు నేను చెప్పను. ఎనిమిదితో ఆపినవాళ్ళు వాళ్ళే, చెప్పగానే మారుమాట లేకుండా మళ్ళీ కూచుని వెతికినవాళ్ళూ వాళ్ళే. అన్నయ్యకు తర్వాత యిది చెప్పినప్పుడు తేలిగ్గా అర్థం చేసుకున్నాడు: "పాతికమంది వున్న క్లాసులో ఎనిమిది కాయితాలు దిద్ది, ఫెయిలయినవాళ్ళు ఎవరూ లేరని రిజల్టు వేస్తే ఎలా?"

రెండోసారి యింకో 7 దొరికాయి. మొత్తం 15. అందులో ఒకదానిలో కాన్సరు వుంది.

ఒక్క గింజ. పరవాన్నం నాడు రెండో దశలో వున్న మనిషి వారం తిరిగేసరికి మూడో దశలో పడ్డాడు. అతనిలో ఏమీ మారలేదు, మనకు తెలిసినదే మారింది. తెలియకపోతే కీమో వుండేది కాదేమో, వున్నా దాన్ని గురించి యిలా పట్టుబట్టేవారు కాదు. అందుకే తెనాలి సోదరికి మొట్టమొదట చెప్పేది: మామగారి రిపోర్టు తీసి గ్రంథులు ఎన్ని చూశారో చూడండి.

ఇప్పుడు నేను సిగ్గుపడే సంగతి చెప్పాలి.

పెద్ద మేనల్లుడు నన్ను ఆస్పత్రి వరండాలోకి పిలిచి, "అత్తయ్యా, గ్రంథి సంగతి నాన్నకు చెప్పొద్దు. బెంగ పెట్టుకుంటారు. బలానికి మందు ఎక్కిస్తారని చెబుదాం" అన్నాడు. వదిన కళ్ళు తుడుచుకుంటూ తలూపింది. నేనూ సరేనన్నాను. మన యిళ్ళల్లో యిది ఎవరూ నేర్పకుండానే వచ్చే విద్య. ఇంటి పెద్దకు తప్ప వీధిలో అందరికీ తెలుస్తుంది. డాక్టరమ్మను కూడా అలాగే చెప్పమని బతిమాలాం. ఆవిడ కోప్పడలేదు. "మందు పడేది ఆయన వొంట్లో. తిమ్మిర్లు వచ్చేవి ఆయన వేళ్ళకు. ఎందుకో తెలియకుండా ఎలా ఓర్చుకుంటారు?" అని మాత్రం అన్నది.

మా నాటకం రెండు రోజులు కూడా సాగలేదు. మేనల్లుడు బిల్లు కట్టటానికి వెళ్ళినప్పుడు ఫైలు మంచం మీదే వదిలి వెళ్ళాడు. నేను కాఫీ తీసుకుని వచ్చేసరికి అన్నయ్య కళ్ళజోడు పెట్టుకుని రెండో రిపోర్టు చదువుతున్నాడు. నన్ను చూసి, "పరీక్ష రాసినవాణ్ణి నేనైతే మార్కులు మీరు చూసుకుంటారుటమ్మా?" అన్నాడు. కేకలేసి వుంటే బాగుండేది. వేయలేదు. కాఫీ తాగాడు. కాసేపటికి "ఒకటి బై పదిహేను" అని మెల్లిగా అనుకున్నాడు. నాకు ఆ రోజు అతని ముఖం చూడటానికి ధైర్యం చాల్లేదు.

ఆ తర్వాత డాక్టరమ్మతో మాట్లాడినవాడు అతనే. మేం పక్కన కూచుని విన్నాం. ఆవిడ లెక్కలోకి తీసుకునేవి ఏవేవని అడిగాడు. గోడ, గ్రంథులు కాక యింకా వున్నాయిట. పుండు పేగును పూర్తిగా మూసేసిందా, చిల్లు పొడిచిందా. రక్తనాళాల్లోకో నరాల చుట్టూనో పాకిందా. కణాలు మామూలు పేగు కణాల పోలికలో వున్నాయా, పోలిక చెడిపోయాయా. ఇవన్నీ రిపోర్టులోనే వుంటాయి. మరొక పరీక్ష కూడా చేస్తారు: కణాలకు తమ డి.ఎన్.ఏ.లో తప్పులు దిద్దుకునే శక్తి వుందా, పోయిందా అని. పోయినవారిలో, రెండో దశలో అయితే, తిరగబెట్టటం తక్కువ. చిత్రంగా వుంది కదూ! అదే పరీక్ష, జబ్బు వంశపారంపర్యంగా వచ్చే రకమేమో కూడా సూచిస్తుంది. అన్నయ్యకు ఆ శక్తి వుంది. అంటే ఆ వంశపారంపర్యపు రకం కాదన్నమాట.

"నా సంగతి అంకెల్లో చెప్పండి" అన్నాడు. ఆవిడ చెప్పింది. కీమో ఆరు నెలలు యివ్వాలా, మూడు నెలలు చాలా అన్న ప్రశ్న మీద ఆరు పరిశోధనలను కలిపి, 12,834 మంది మూడో దశ రోగుల లెక్కలు 2018లో ప్రకటించారు. అన్నయ్యలాగా పుండు మరీ లోతుకు పోకుండా, మూడు గ్రంథులకు మించకుండా వున్నవారిలో, ఒక మందు సూదితో ఎక్కించుకుని మరొకటి మాత్రలుగా మింగినవారి సంగతి చూస్తే: మూడేళ్ళ తర్వాత జబ్బు తిరగబెట్టకుండా బతికి వున్నవారు, మూడు నెలల మందు తీసుకున్నవారిలో నూటికి 85 మంది, ఆరు నెలలు తీసుకున్నవారిలో 83 మంది. మూడు నెలలవాళ్ళు నష్టపోయింది ఏమీ లేదు. వేళ్ళ తిమ్మిర్లు మాత్రం వాళ్ళకు బాగా తక్కువ. అంచేత మూడు నెలలు చాలు.

"ఎనభై అయిదు" అన్నది వదిన, వెలిగిపోతున్న ముఖంతో. "పదిహేను" అన్నాడు మేనల్లుడు, లోపల్లోపల. అన్నయ్య యిద్దర్నీ చూసి, "మా స్కూల్లో ఎనభై అయిదు శాతం పాసయితే ఏ పిల్లవాడూ ఎనభై అయిదు శాతం పాసవడర్రా. వాడు పాసవుతాడు, లేకపోతే తప్పుతాడు. నేను ఏ జాబితాలో వున్నానో ఈవిడకీ తెలియదు, నాకూ తెలియదు. ఈవిడ స్కూలు సంగతి చెబుతున్నారు" అన్నాడు. డాక్టరమ్మ నవ్వి, "నేను యిన్నాళ్ళుగా చెప్పటానికి అవస్థ పడుతున్నది యిదేనండీ" అన్నది.

తెనాలి సోదరి అడిగిన "తెలిసీ దాస్తున్నారా" అన్నదానికి నాకు తెలిసిన జవాబు ఆ మాటలో వుంది. వందమంది సంగతి వారికి తెలుసు. ఆ వందమందిలో మీ మామగారు ఎవరో తెలియదు.

కీమో మార్చి మొదట్లో పెట్టి మే నెలాఖరుకు ముగించారు. మూడు వారాలకొకటి చొప్పున నాలుగు విడతలు. ఎండలు మండిపోయే రోజులు. ఆ సూదిమందుకు ఒక గుణం వుంది: ఎక్కించిన తర్వాత కొన్నాళ్ళు చల్లనిది తగిలితే వేళ్ళు జివ్వుమంటాయి, గొంతు పట్టేసినట్టవుతుంది. రాజమండ్రి మే నెలలో అన్నయ్య గోరువెచ్చని నీళ్ళు తాగాడు. ఫ్రిజ్జు తలుపు వదినే తీయాలి. ముంజలు కూడా గదిలో పెట్టి చల్లదనం పోయాక తిన్నాడు. పరామర్శకు వచ్చినవాళ్ళలో ఒకాయన లక్ష్మణఫలం ఆకుల కషాయం తెచ్చి, దీంతో మళ్ళీ రమ్మన్నా రాదన్నాడు. మందులు నడుస్తుండగా అలాంటివి వొద్దని డాక్టరమ్మ ముందే చెప్పింది. ఆయన మనసు నొప్పించటం యిష్టంలేక వదిన ఆ సీసా పుచ్చుకుని, ఆయన వీధి మలుపు తిరిగాక పెరట్లో పారబోసింది.

ఆ రోజుల్లోనే చిన్న మేనల్లుడు బెంగుళూరు నుంచి ఫోను చేశాడు. కొత్త రక్తపరీక్ష వచ్చిందట, తిరగబెడుతుందో లేదో ముందే చెప్పేస్తుందట, ఎంతయినా సరే చేయిద్దాం అని. ఇందులో నిజం చాలా వుంది. కాన్సరు కణాలు చచ్చినప్పుడు వాటి డి.ఎన్.ఏ. ముక్కలు రక్తంలో పడతాయి. అవి కొద్ది గంటల్లో సగానికి సగం తగ్గిపోయే సరుకు. కాబట్టి ఆపరేషను అయిన కొన్ని వారాల తర్వాత కూడా రక్తంలో అవి దొరికాయంటే, పంపేది ఎక్కడో యింకా మిగిలి వున్నదన్నమాట. ఆస్ట్రేలియా వైద్యులు 230 మంది రెండో దశ రోగులను యిలా చూసి 2016లో ప్రకటించారు. వారిలో కీమో తీసుకోనివారు 178 మంది. ఆ 178లో 14 మందికి రక్తంలో ముక్కలు కనిపించాయి. 14లో 11 మందికి జబ్బు తిరగబెట్టింది. కనిపించని 164 మందిలో 16 మందికి తిరగబెట్టింది.

చిన్నవాడు ఈ అంకెలు పంపించి, "చూశారా నాన్నా, ఎంత కచ్చితమో!" అన్నాడు. అన్నయ్య కాయితం తీసుకుని రెండు గీతలు గీశాడు. వుందన్నవారిలో నూటికి 79 మందికి తిరగబెట్టింది. అది పెద్ద మాటే. లేదన్నవారిలో నూటికి పదిలోపు. అదీ మంచి మాటే. "కాని తలలు లెక్కపెట్టు" అన్నాడు. "మొత్తం తిరగబెట్టింది ఇరవై ఏడు మందికి. అందులో 'లేదు' అని యింటికి పంపినవాళ్ళు పదహారు మంది." చిన్నవాడు ఫోనులో కాసేపు మాట్లాడలేదు.

అయినా ఆ పరీక్షను తీసిపారెయ్యటానికి లేదు. 2022 జూన్‌లో అదే దేశం నుంచి మరొక పరిశోధన వచ్చింది. రెండో దశవారే, 455 మంది. కొందరికి డాక్టర్లు మామూలు పద్ధతిలో చూసి కీమో నిర్ణయించారు. కొందరికి ఈ రక్తపరీక్ష ప్రకారం నిర్ణయించారు. మామూలు పద్ధతిలో నూటికి 28 మందికి కీమో పడింది, పరీక్ష పద్ధతిలో 15 మందికే. రెండేళ్ళకు చూస్తే జబ్బు తిరగబెట్టనివారు రెండువైపులా దాదాపు సమానం: 92.4, 93.5. అంటే అక్కరలేని కీమో కొందరికి తప్పించవచ్చు. తెనాలి వారిది రెండో దశ అయితే డాక్టరు గారిని ఈ సంగతి అడగటం తప్పు కాదు. మూడో దశలో మాత్రం, పరీక్షలో లేదని వచ్చింది కదా అని మందు తగ్గించుకోవచ్చునని యింకా రుజువు కాలేదు. అన్నయ్యకు మందు ఎలాగూ నిర్ణయమైపోయింది. పరీక్షలో ఏం వచ్చినా చేసేది మారనప్పుడు ఆ డబ్బు ఎందుకన్నాడు. చేయించలేదు. చిన్నవాడికి యిప్పటికీ ఆ అసంతృప్తి వుంది. వాడిది తప్పని నేను అనలేను.

పాత రక్తపరీక్ష ఒకటి వుంది, సి.ఇ.ఏ. అని. కెనడాలో మాంట్రియల్ నగరంలో ఫిల్ గోల్డ్, శామ్యూల్ ఫ్రీడ్‌మన్ అనే యిద్దరు 1965లో కనిపెట్టారు. చౌక. అన్ని వూళ్ళలో చేస్తారు. సాధారణంగా 5 లోపు వుండాలి. అన్నయ్యకు ఆపరేషనుకు ముందు 9 వుండేది, తర్వాత 2.4కు దిగింది. మూడో విడత కీమో తర్వాత చేయిస్తే 5.6! ఆ రాత్రి ఆ యింట్లో పొయ్యి వెలగలేదు. వదిన దేవుడి గదిలోంచి రాలేదు. పెద్దవాడు తెల్లవారగానే డాక్టరమ్మకు ఫోను చేస్తే, "కీమో నడుస్తుండగా ఎందుకు చేయించారు? ఆ మందు వల్ల కూడా పెరగవచ్చు. అంతా అయ్యాక చూద్దాం" అన్నది. జూలైలో చూస్తే 2.6. పొగ తాగేవారికీ, కాలేయపు జబ్బులున్నవారికీ కూడా అది కొంచెం ఎక్కువే వుంటుందట. ఒక్కసారి వచ్చిన అంకె కన్న, మళ్ళీ మళ్ళీ చూసినప్పుడు ఎక్కుతూ పోతున్నదా లేదా అన్నది ముఖ్యం.

ఆ దెబ్బతో వదిన నెల నెలా స్కాను తీయించాలని పట్టుబట్టింది. దీనికీ జవాబు వుంది. స్వీడన్, డెన్మార్క్, ఉరుగ్వే దేశాల్లో 2,509 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు మూడేళ్ళలో అయిదుసార్లు స్కానూ సి.ఇ.ఏ.నూ, రెండో జట్టుకు రెండేసార్లు. అయిదేళ్ళకు చూస్తే చనిపోయినవారి సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా లేదని 2018లో తేల్చారు. చూడనక్కర్లేదని కాదు దీని అర్థం. కాలేయంలోనో ఊపిరితిత్తిలోనో ఒకటి రెండుచోట్ల తిరగబెట్టినప్పుడు వేళకు కనిపెడితే కోసి తీసేయవచ్చు. అలా తీయించుకుని ఏళ్ళ తరబడి బతుకుతున్నవారు వున్నారు. తిరగబెట్టిందంటే అంతా అయిపోయినట్టే అనుకునేవాళ్ళం మేం. అలా అనుకోవలసిన పని లేదు. కాని నెల నెలా చూసినంత మాత్రాన జబ్బు జడిసి పారిపోదు. డాక్టరమ్మ రాసిచ్చిన తేదీల పట్టిక వంటింటి గోడకు అంటించాం. దానికి ఒక్కటి కలపలేదు, ఒక్కటి తప్పించలేదు.

ఆ పట్టికలో నా పేరు కూడా చేరింది. తోబుట్టువుకు పేగు కాన్సరు వచ్చినవాళ్ళు, వంశపారంపర్యపు రకం కాకపోయినా, తామూ గొట్టం వేయించుకుని చూపించుకోవాలట. నేను ఎనిమిది నెలలు సాకులు చెప్పాను. ఇతరులకు సలహాలిచ్చే శీర్షిక రాసే మనిషిని! చివరికి అన్నయ్యే చెయ్యి పట్టుకుని తీసుకుపోయాడు. చిన్న పిలకలు రెండు వుంటే అక్కడే తీసేశారు. అవి కాన్సరు కావు, వదిలేస్తే ఏళ్ళ మీద అయివుండే రకం. ముందురోజు తాగించే విరేచనాల మందు తప్ప దానిలో బాధేమీ లేదు. ఆ మందు సంగతి మాత్రం చెప్పకపోవటమే మర్యాద.

అన్నయ్య రోజూ సాయంత్రం గోదావరి గట్టు మీద నడుస్తాడు. నడక మొదలుపెట్టింది తిమ్మిర్లు పోవటానికి. 2025లో ఒక పరిశోధన వచ్చింది. ఆపరేషనూ కీమో పూర్తయిన 889 మందిలో సగం మందికి మూడేళ్ళపాటు మనిషిని పెట్టి క్రమంగా వ్యాయామం చేయించారు, తక్కిన సగానికి పుస్తకం యిచ్చి పంపారు. అయిదేళ్ళకు జబ్బు లేకుండా వున్నవారు వ్యాయామం వైపు నూటికి 80, పుస్తకం వైపు 74. అన్నయ్య ఆ కాయితం నాకు చూపించి, "ముందు నేను నడిచాను, తర్వాత వాళ్ళు లెక్క కట్టారు" అన్నాడు. కొంచెం గర్వంగానే.

తిరగబెట్టేవాటిలో నూటికి ఎనభై మొదటి మూడేళ్ళలోనే బయటపడతాయని చెబుతారు. మూడేళ్ళు 2025 జనవరితో దాటాయి. ఆ రోజు వదిన మళ్ళీ పరవాన్నం వండబోతే అన్నయ్య వొద్దన్నాడు. ఒకసారి తొందరపడ్డాం కదా అన్నాడు. ఆవిడ వినలేదు, వండింది. తిన్నాడు.

తెనాలి సోదరికి విడిగా జవాబు రాశాను. గ్రంథులు ఎన్ని చూశారో, దశ ఏమిటో, కణాల శక్తి పరీక్ష చేశారో లేదో డాక్టరు గారిని అడగమన్నాను. వెళ్ళేటప్పుడు మామగారిని బయట కూచోబెట్టకుండా వెంట తీసుకువెళ్ళమన్నాను. నిన్న ఆవిడ దగ్గర్నుంచి కార్డు వచ్చింది. గ్రంథులు పందొమ్మిది చూశారట. ఆ అంకె చూసుకున్నది మామగారేనట. ఇప్పుడు ఆయన ఇంట్లో అందరికీ చదివి వినిపిస్తున్నారట.